గంటకు నలభై ఒక్కసార్లు

6 అక్టోబరు 2025, సోమవారం

మా అమ్మాయి అశ్వినికి కాలేజీలో ఎవరో ఇచ్చిన డైరీ ఇది. రెండు పేజీల్లో బొమ్మలు గీసి వదిలేసింది. ఇకమీద నేను రాసుకుంటాను. ఎవరూ చదవకూడదు. బీరువాలో పట్టుచీర కింద పెడతాను.

ఈ మధ్య ఒకటి రెండు విషయాలు గుర్తుండటం లేదు. పెద్దవేమీ కాదు. నిన్న ఎమ్మిగనూరు బస్టాండులో టీ తాగిన పది నిమిషాలకే మళ్లీ అదే కొట్టుకు వెళ్లి టీ అడిగాను. ఇప్పుడే తాగినావు కదక్కా అన్నాడు కొట్టతను. నవ్వేశాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి మనిషి మీద మనిషి. యాభై మంది పట్టే బస్సులో నూట పది మంది. ప్రతి ఒక్కరి ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు కొట్టాలి. ఎవరి తలైనా తిరుగుతుంది.

కండక్టరుగా పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది. ఆదోని-ఎమ్మిగనూరు రోడ్డులో ఏ ఊరివాళ్లు ఏ వారం ఎక్కుతారో, ఎవరి కూతుర్ని ఎక్కడికిచ్చారో కళ్లు మూసుకుని చెప్పగలను.

9 అక్టోబరు

తలనొప్పి. లేచేసరికే ఉంది.

14 అక్టోబరు

ఈరోజు కోటేకల్ దగ్గర ఒకామె మేకపిల్లను కొంగులో దాచుకుని ఎక్కింది. బస్సు కదిలాక అది అరిచింది. డ్రైవరు కృపానందం అన్న బస్సు ఆపి, వెనక్కి తిరిగి, దానికి ఆధార్ కార్డు ఉందా అని అడిగాడు. బస్సంతా నవ్వింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయనా అశ్వినీ కూడా బాగా నవ్వారు.

16 అక్టోబరు

కోటేకల్ దగ్గర ఒకామె కొంగులో మేకపిల్లను దాచుకుని బస్సెక్కింది. అది అరిచింది. కృపానందం అన్న దానికి ఆధార్ ఉందా అన్నాడు. ఇంట్లో చెబితే మా ఆయన నవ్వలేదు. అశ్విని టీవీ కట్టేసి నా వైపు చూసింది.

17 అక్టోబరు

వెనక పేజీ ఇప్పుడే చూశాను. రెండుసార్లు రాశాను. రెండు మేకపిల్లలు ఎక్కి ఉండొచ్చు.

25 అక్టోబరు

ఎమ్మిగనూరులో బస్సు ఆగే ఇరవై నిమిషాలూ వెనక సీట్లో నిద్రపోతున్నాను. నాలుగు రోజులుగా ప్రతి ట్రిప్పుకీ అంతే. రాత్రి తొమ్మిదికి పడుకుని ఐదుకు లేస్తాను. ఎనిమిది గంటల నిద్ర. అయినా చాలదు. వయసు నలభై ఏడు. ఈ వయసులో ఆడవాళ్లకు ఇలాగే ఉంటుందని ఆస్పరిలో మా వదిన చెప్పింది.

మా ఆయన మేడ మీద పడుకుంటాడు. ఎండాకాలంలో మొదలుపెట్టిన అలవాటు. చలికాలం కూడా అక్కడే. గాలి బాగుంటుందంటాడు.

3 నవంబరు, సోమవారం

ఆరెకల్ ముసలామె దేవక్క. చూపు సరిగా ఆనదు. ఎమ్మిగనూరులో కళ్లు చూపించుకుని ఊరికి పోతోంది. ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఆరెకల్ వస్తే చెప్పు తల్లీ అని అడిగింది. ఆదోని బస్టాండులో అందరూ దిగాక చూస్తే ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. నాకు కోపం వచ్చింది. పిలిస్తే దిగలేదేం అన్నాను. పేరు పెట్టి పిలిచానన్నాను. ఆమె భయపడిపోయి, నాకే వినపడలేదేమో లే అంది. తిరుగు బస్సు ఎక్కిస్తానని బెంచీ మీద కూర్చోబెట్టాను.

కృపానందం అన్న పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు.

"నువ్వు పిల్చలేదమ్మా. ఆరెకల్ కాడ బస్సు ఆపనే లేదు. దిగేవాళ్లు లేరేమో అనుకుంటి."

నేను పిలిచాను. నా గొంతు నాకు వినపడింది. ఆయన రోడ్డు చూస్తుంటాడు, ఆయనకేం తెలుసు.

4 నవంబరు

దేవక్కను బస్సు ఎక్కించలేదట. బెంచీ మీద కూర్చోబెట్టి నేను ఇంటికి వచ్చేశానట. సాయంత్రం దాకా నీళ్లు కూడా తాగకుండా కూర్చుందట, కండక్టరమ్మ వస్తానని చెప్పింది కదా అని. ఎవరో చూసి ఆటో ఎక్కించారు. ఆమె మనవరాలి మొగుడు డిపోకు వచ్చి కాగితం రాసిచ్చాడు.

డిపో మేనేజరు గారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ చూపించి, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అమ్మా అని అడిగారు. కొన్నాళ్లు రోడ్డు మీదికి వద్దు, బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చోండి అన్నారు. మూడు నెలలు చూసి, డాక్టరు రాసిచ్చినదాన్ని బట్టి నిర్ణయిస్తారట.

నా విజిల్ ఎవరూ అడగలేదు. నేనే టేబుల్ మీద పెట్టి వచ్చాను.

9 నవంబరు

అమ్మ గురించి రాయకూడదనుకున్నాను. రాస్తాను.

అమ్మకు అరవై దాటాక మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచింది. తర్వాత ఊరు. చివరి రెండేళ్లు నేను అన్నం కలిపి పెడుతుంటే, ఎవరి బిడ్డవమ్మా నువ్వు, చల్లని చెయ్యి నీది అనేది. నేను ఫలానా ఊరి దాన్నని ఏదో ఒక పేరు చెప్పేదాన్ని. నీ కూతుర్ని అని చెబితే ఏడ్చేది, కూతుర్ని మరిచిపోయినందుకు.

నాకు ఇప్పుడు నలభై ఏడే. అశ్వినికి పంతొమ్మిది. నాకు అన్నం పెట్టేటప్పుడు అది ఏ పేరు చెప్పుకోవాలి?

12 నవంబరు

తుగ్గలి బస్సు ఎన్నింటికని ఒకతను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ బోర్డు చూసి చెప్పాను. అది నేను పదేళ్లు పోయిన రూటు.

17 నవంబరు, సోమవారం

కృపానందం అన్న ఇంటికి వచ్చాడు. మా ఆయన పత్తి జిన్నింగు మిల్లు నుంచి వచ్చేదాకా వరండాలో కూర్చున్నాడు. నేను కాఫీ ఇస్తే తీసుకుని, ఒక మాట చెప్తాను, కోపం చేసుకోవద్దు అని మొదలుపెట్టాడు.

"నువ్వు బస్సులో పండుకున్యప్పుడు నేను సూసినాను. గురక పెడతావు. పెట్టి పెట్టి ఒక్కసారిగా నిలిచిపోతాది. గురక కాదు, ఊపిరి. నేను లెక్క పెట్టినాను, ఇరవై దాకా పోయినాది. సచ్చిపోయినావేమో అని లేపేదానికి చెయ్యి సాపితే అప్పుడు ఎగిరిపడి ఊపిరి తీసుకున్యావు. మళ్లీ అదే. మా అన్న లారీ తోలేటోడు, వానికీ ఇదే ఉండె. స్టీరింగు మీదనే నిద్రపోతాండె. కర్నూల్లో సూపిచ్చినాము. ఇప్పుడు బాగుండాడు. అమ్మా, ఇది మతిమరుపు కాదేమో. సూపిచ్చుకో."

మా ఆయన తల వంచుకున్నాడు. తనకు తెలుసన్నాడు. గురక సంగతి నాలుగేళ్లుగా తెలుసు, చెబితే బాధపడతానని మేడ ఎక్కాడు. ఊపిరి ఆగే సంగతి తెలియదు. మేడ మీదికి వినపడదు కదా.

నాకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. బస్టాండులో, నలుగురు మగవాళ్లు టీ తాగే చోట, నేను నోరు తెరిచి గురక పెట్టాను, ఒకాయన నిలబడి లెక్క పెట్టాడు. కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను. వెళ్లొస్తానని కూడా ఆయనతో చెప్పించుకోలేదు.

18 నవంబరు

నేను గురక పెట్టను.

20 నవంబరు

అశ్విని రాత్రి ఫోనులో రికార్డు చేసింది. పొద్దున వంటింట్లో వినిపించింది. కాసేపు విన్నాను. ఒక పెద్ద జంతువును ఎవరో గొంతు పిసుకుతున్నట్టుంది. మధ్యలో ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేని చోట అశ్విని గొంతు, చిన్నగా, "మా… మా…" అని వినపడింది. నన్ను లేపుతోంది. ఆ మాటలో ఉన్న భయం నేను ఎప్పుడూ వినలేదు.

కర్నూలు పోతాను.

27 నవంబరు, గురువారం

ఊపిరితిత్తుల డాక్టరు ఆడామె. చిన్న వయసు. మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. పొద్దున తలనొప్పి ఉంటుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, కూర్చుంటే నిద్ర వస్తుందా అని అడిగింది. అన్నీ అవుననే చెప్పాను. ఎవరో మా ఇంట్లో ఉండి చూసి అడుగుతున్నట్టుంది.

తర్వాత ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపటికి మళ్లీ అడుగుతానంది. బీపీ చూసి, బరువు చూసి, మా ఊరి సంగతులు మాట్లాడి, ఇప్పుడు చెప్పండి అంది. గేదె అన్నాను. ఇంకా? ఇంకేమీ లేదు. గేదె ఒక్కటే నిలబడి ఉంది.

మా అమ్మ సంగతి చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"పగలు చూసినవి, విన్నవి గాఢ నిద్రలోనే మెదడులో పదిలం అవుతాయమ్మా. మీరు ఎనిమిది గంటలు పడుకుంటున్నారు గానీ నిద్రపోవడం లేదేమోనని నా అనుమానం. మీ అమ్మగారి జబ్బు మీకు లేదని ఇప్పుడే చెప్పలేను. ముందు దీన్ని బాగుచేద్దాం. తర్వాత మళ్లీ ఐదు మాటలు అడుగుతాను."

రాత్రికి ఒక చిన్న పెట్టె ఇచ్చింది. ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్న గొట్టం. కట్టుకుని పడుకోవాలి.

3 డిసెంబరు

గంటకు నలభై ఒక్కసార్లు.

అన్నిసార్లు నా ఊపిరి ఆగుతోందట, లేదా సగంలో ఇరుక్కుంటోందట. ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి లేపుతుందట. నాకు తెలియదు. రాత్రికి మూడు వందలసార్లకు పైగా లేచిన మనిషిని నేను. ఎన్నేళ్లుగానో.

కారిడార్లో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన భయపడ్డాడు. సంతోషంతో ఏడుస్తున్నానని ఎలా చెప్పను? పేరున్న జబ్బు. అమ్మది కాని జబ్బు కావచ్చు. మందు ఉన్న జబ్బు.

మందు అంటే మాత్ర కాదు. ఒక మిషను. ముక్కు మీద మాస్కు పెట్టుకుంటే రాత్రంతా గాలి కొడుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ముందు ఒక నెల బాడుగకు ఇచ్చారు. బరువు కూడా తగ్గాలంది.

4 డిసెంబరు

ఊపిరాడలేదు. గంటకే తీసేశాను.

5 డిసెంబరు

రెండు గంటలు.

6 డిసెంబరు

పొద్దున లేస్తే మాస్కు మంచం కింద ఉంది. ఎప్పుడు పీకేశానో తెలియదు.

8 డిసెంబరు

ముక్కు మీద పుండు. అద్దంలో చూసుకుంటే ఏనుగు తొండం తగిలించుకున్నట్టున్నాను. మిషను తిరిగి ఇచ్చేద్దామని మా ఆయనతో అన్నాను. ఆయన సాయంత్రం చాప, దిండు పట్టుకుని మేడ దిగి వచ్చాడు. నా మంచం పక్కన నేల మీద పరిచాడు. నువ్వు పీకేసినప్పుడల్లా నేను మళ్లీ పెడతాను, నాకు రేపు మిల్లు సెలవు అన్నాడు.

9 డిసెంబరు

ఏడుసార్లు పెట్టాడట. మిల్లుకు సెలవు కాదు. పత్తి సీజన్లో ఆదోనిలో ఏ మిల్లుకు సెలవు ఉంటుంది.

12 డిసెంబరు

అశ్విని కర్నూలు ఫోను చేసి అడిగి, మాస్కు పట్టీ వదులు చేసింది. మిషనులో నీళ్లు పోసే చోటు ఒకటుంది, అది వాడటమే లేదు మనం అని తిట్టింది. ఇప్పుడు గాలి తడిగా వస్తోంది. నాలుగున్నర గంటలు.

19 డిసెంబరు, శుక్రవారం

ఈరోజు పొద్దున లేచాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియక మంచం మీదే కూర్చున్నాను. కిటికీలోంచి పాలవాడి బండి చప్పుడు వినపడింది. అవతలి వీధిలో ఎవరో కసువు ఊడుస్తున్నారు. అప్పుడు తెలిసింది. తల నొప్పి లేదు. తల ఉన్నట్టే లేదు. అంత తేలికగా ఉంది.

రాత్రి ఆరు గంటల నలభై నిమిషాలు మాస్కు పెట్టుకున్నానని మిషను చెబుతోంది. మా ఆయన నేల మీద గురక పెడుతున్నాడు. మామూలు గురకే. ఆగడం లేదు. లెక్క పెట్టి చూశాను.

24 డిసెంబరు

కృపానందం అన్న ఇంటికి వెళ్లి క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి, ఆ రోజు లోపలికి వెళ్లిపోయినందుకు క్షమించమన్నాను. ఆయన ఆ రోజు కాఫీ బాగుండె అన్నాడు. 

28 డిసెంబరు, ఆదివారం

ఆరెకల్ వెళ్లాను. ఎవరూ పొమ్మనలేదు. దేవక్క ఇంటి ముందు ఎండలో కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది, చూపుతో కాదు, వేళ్లతో. నేనెవరో చెప్పాను. ఆ రోజు నేను పిలవలేదు, పిలిచానని నీ మీదికి అరిచాను, తప్పు నాది అన్నాను. పిలిచానని నిజంగానే నమ్మానని కూడా చెప్పాను, అదే నాకు ఎక్కువ భయంగా ఉందని.

ఆమె చేట పక్కన పెట్టింది.

"నాకు కండ్లు మోసం జేసె, నీకు తలకాయ మోసం జేసె. ఎవురికి ఏది జేస్తే ఏముందిలే. అన్నం తిని పో."

తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఇంటి పిల్లల పేర్లు ఒకసారి అనుకున్నాను. ఐదుగురివీ వచ్చాయి.

11 జనవరి 2026

అన్నీ వెనక్కి రావు. అది కూడా రాసుకోవాలి.

అశ్విని డిగ్రీలో చేరిన రోజు ఫొటో చూపించింది. కాలేజీ గేటు ముందు నేనూ అదీ. నేను పచ్చచీర కట్టుకుని నవ్వుతున్నాను. ఆ రోజు నాకు లేదు. ఎంత వెతికినా లేదు. పడిపోయిన వస్తువైతే దొరుకుతుంది. అది అసలు లోపలికే పోలేదు. అశ్వినికి చెబితే, సరేలే, నేను చెప్తాను విను అని పొద్దున ఇడ్లీ తిన్న దగ్గర నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఆ రోజు వాన పడిందట. నేను ప్రిన్సిపాల్‌తో, మా పాపను ముందు బెంచీలో కూర్చోబెట్టండి అన్నానట. అది సిగ్గుతో చచ్చిపోయిందట.

2 ఫిబ్రవరి, సోమవారం

డాక్టరు కాగితం చూసి మేనేజరు గారు సంతకం పెట్టారు. విజిల్ సొరుగులోంచి తీసి ఇచ్చారు. ఆయన దగ్గరే పెట్టుకున్నారు, స్టోర్సుకు పంపలేదు.

మొదటి ట్రిప్పు. కృపానందం అన్న బస్సే. ఎమ్మిగనూరులో ఇరవై నిమిషాలు ఆగితే నాకు ఏం చేయాలో తోచలేదు. నిద్ర రాలేదు. బస్టాండు చుట్టూ నడిచి వచ్చాను.

15 ఫిబ్రవరి

తుగ్గలిలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. మూడు రోజులు. మిషను తీసుకుపోలేదు. అంతమంది చుట్టాల మధ్య తొండం పెట్టుకుని పడుకోవాలంటే మనసొప్పలేదు. మూడు రోజులకు ఏమవుతుందిలే.

18 ఫిబ్రవరి

అయింది. ఎమ్మిగనూరు బస్టాండు టీ కొట్టు బల్ల మీద టికెట్ల మిషను మరిచిపోయి బస్సెక్కాను. కృపానందం అన్న చూసి తెచ్చిచ్చాడు. ఆయన మేనేజరుకు చెప్పలేదు. నేనే చెప్పాను, ఎందుకు జరిగిందో కూడా. ఇకమీద నేను పోయిన చోటికల్లా మిషను వస్తుంది. చుట్టాలు నవ్వితే నవ్వనీ.

4 మార్చి, బుధవారం

కర్నూలు. ఐదు మాటలు. బీపీ, బరువు, ముచ్చట్లు. ఇప్పుడు చెప్పండి అంది.

పలక, దానిమ్మ, కిటికీ, గేదె, ఉత్తరం.

డాక్టరమ్మ లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపింది. గంటకు నలభై ఒకటి ఇప్పుడు మూడు అయిందట. పోయినసారి గేదె, ఈసారి మంద మొత్తం అని మా ఆయన అన్నాడు. దారిలో ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

11 మార్చి, బుధవారం

ఈరోజు జరిగింది పూర్తిగా రాసుకోవాలి. పొద్దు పోయింది, అయినా రాస్తాను.

మధ్యాహ్నం ట్రిప్పు ముగించి ఆదోని డిపోలో ఉండగా ఒక అబ్బాయి ఫోను పట్టుకుని ఒక్కొక్క కండక్టరు దగ్గరికీ పోతున్నాడు. పేరు ఉమేర్. ఆదోనిలోనే దర్జీ. చెల్లెలు అఫ్సానా సోమవారం పొద్దున ఇంట్లో గొడవపడి వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లు. పుట్టుకతో వినపడదు, మాట రాదు. ఫోను ఇంట్లోనే వదిలేసింది. పోలీసులకు చెప్పారు. గుంతకల్లు స్టేషను దాకా వెతికారు. వాళ్ల అమ్మ సైదా బీ రెండు రోజులుగా పచ్చి మంచినీళ్లు కూడా సరిగా ముట్టడం లేదట. రంజాను నెల. ఉపవాసం మీద తిరిగి తిరిగి ఆ అబ్బాయి పెదాలు పగిలిపోయాయి.

ఎవరూ గుర్తు పట్టలేదు. జీరో టికెట్టు మీద పేరుండదు. ఎంతమంది ఎక్కారో మిషను చెబుతుంది గానీ ఎవరెక్కారో చెప్పదు. నా వైపు వస్తుంటే ఒక కండక్టరు అతన్ని ఆపి, ఆమెను అడిగి లాభం లేదప్పా, ఆమెకు ఏమీ జ్ఞాపకం ఉండదు అన్నాడు. చెడ్డగా అనలేదు. ఆ అబ్బాయి సమయం వృథా కాకూడదనే అన్నాడు. నేను విన్నాను.

నేనే వెళ్లి ఫొటో చూపించమన్నాను.

చూడగానే తెలిసింది. సోమవారం, రెండో ట్రిప్పు. డ్రైవరు వెనక మూడో సీటు, కిటికీ పక్క. నీలం చున్నీ. కార్డు ఇచ్చింది, కార్డులో ఫొటో చిన్నప్పటిది. ఏ ఊరని అడిగితే నవ్వి, పక్కనున్న ఆమెను చూపించింది. పక్కన ఒక నడివయసు ఆమె, ఒళ్లో రంగు వేసిన నూలు మూట, రెండు చేతులూ మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ దారి పొడుగునా సైగలతో మాట్లాడుకున్నారు. ఎమ్మిగనూరు బస్టాండు దాకా రాలేదు. దానికి ముందే, నేతగాళ్ల కాలనీ దగ్గర ఇద్దరూ కలిసి దిగారు.

చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయాను. దేవక్కను పిలిచానని కూడా ఇంత స్పష్టంగానే గుర్తుంది నాకు. ఆ రోజు నా గొంతు నాకు వినపడింది. ఇప్పుడు ఈ నీలం చున్నీ కూడా అలాంటిదే అయితే? తల్లి ప్రాణం నా మాట మీద పెట్టి, వాళ్లను తప్పు ఊరికి పంపిస్తే?

ఉమేర్‌ను ఒక్క నిమిషం ఆగమని కృపానందం అన్న దగ్గరికి పరిగెత్తాను. చున్నీ సంగతి, నూలు సంగతి ఏదీ చెప్పలేదు. సోమవారం రెండో ట్రిప్పులో నేతగాళ్ల కాలనీ కాడ ఏమైందన్నా అని మాత్రం అడిగాను. ఆయన ఆలోచించాడు.

"ఒకామె మూట దించేదానికి కష్టపడతాంటే నేను దిగి పట్టుకున్యాను. నూలు మూట. ఆమె చేతులు తగిలి నా చొక్కాకంతా ఎర్రరంగు అయినాది. మా ఇంటామె ఇంగా తిడతానే ఉండాది. ఎందుకమ్మా?"

 ఉమేర్ దగ్గరికి వచ్చి, నీ చెల్లెలు ఎమ్మిగనూరులో ఉంది, నేను దించాను అన్నాను. నమ్మాలో వద్దో తెలియక ఇందాక ఆపిన కండక్టరు వైపు చూశాడు.

"ఆయన చెప్పింది నిజమే, నాకు మతిమరుపు ఉండె. ఇప్పుడు లేదు. పద, నేనూ వస్తాను" అన్నాను.

ఆ మాట పైకి అన్నది ఇదే మొదటిసారి. ఇప్పుడు లేదు.

మేనేజరు గారు నాకూ అన్నకూ సగం రోజు సెలవిచ్చి పంపారు. సైదా బీని కూడా ఆటోలో ఎక్కించుకుని నలుగురం వెళ్లాం, కృపానందం అన్నతో కలిపి. కాలనీలో ఎర్రరంగు వేసే ఆమె అంటే మూడో మనిషి చెప్పాడు, నాగవేణమ్మ అని. ఇంట్లో మగ్గం ఆడుతోంది. లోపల, గోడ పక్కన కూర్చుని, ఒక నీలం చున్నీ అమ్మాయి నూలు కండెలు చుడుతోంది.

సైదా బీ గడప దగ్గరే కూలబడిపోయింది. అఫ్సానా తల ఎత్తి చూసి, చుడుతున్న కండె వదిలేసి వచ్చి తల్లి మీద పడింది. ఉమేర్ కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

నాగవేణమ్మ చెల్లెలికి కూడా వినపడదట, అందుకే ఆమెకు సైగలు వచ్చు. బస్సులో ఈ పిల్ల ఏడుస్తుంటే కదిలించింది. పని కావాలి, ఇంట్లో ఎవరూ నన్ను బయటికి పంపరు అని చెప్పిందట. నాలుగు రోజులు ఉండి పని నేర్చుకో, ఆదివారం నేనే తీసుకొచ్చి దింపి మీ వాళ్లతో మాట్లాడతాను అందట. ఇంటికి కబురు పంపాలని ఆమెకు తోచింది గానీ, అఫ్సానా అడ్రసు చెప్పలేదు. చెబితే ఆపేస్తారని.

పొద్దు వాలుతోంది. ఆ పిల్ల ఉపవాసం విడిచేందుకు నాగవేణమ్మ ఖర్జూరాలు, అరటిపళ్లు ముందే తెచ్చి పెట్టింది. తల్లీ పిల్లలూ ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉపవాసం విడిచారు. ఉమేర్ మొదటి ఖర్జూరం తీసి నా చేతిలో పెట్టాడు.

"అక్కా, అందరూ జ్ఞాపకం లేదన్న్యారు. నువ్వు ఒక్కదానివే జ్ఞాపకం పెట్టుకున్యావు."

బస్సులో నూట పది మంది. సీటు, చున్నీ, కార్డు, చేతుల రంగు. అన్నీ నా లోపల ఉన్నాయి. రెండు రోజులుగా, నేను పిలవకుండానే, పదిలంగా ఉన్నాయి.

12 మార్చి

మేనేజరు గారు డ్యూటీ చార్టు మీద నా పేరు కింద పెన్సిలుతో రాసిన 'తాత్కాలికం' అన్న మాట నా ముందే చెరిపేశారు. మధ్యాహ్నం ఇద్దరు డ్రైవర్లు విడివిడిగా వచ్చి, ఎవరికీ చెప్పొద్దని, కర్నూలు డాక్టరు నంబరు అడిగారు. ఒకతను నిన్న ఉమేర్‌ను ఆపిన కండక్టరు తమ్ముడే. ఇచ్చాను.

23 మార్చి, సోమవారం

రంజాను పండుగ అయిపోయింది. ఉమేర్ పొద్దున బస్టాండుకు వచ్చి చెల్లెల్ని బస్సెక్కించాడు. రోజూ పొద్దున నాగవేణమ్మ దగ్గర పనికి పోయి సాయంత్రం వస్తుంది, అది కూడా నీ బస్సులోనే అయితేనే అమ్మ ఒప్పుకుంది అన్నాడు. డ్యూటీ మారే రోజు ముందే చెబుతానన్నాను.

6 ఏప్రిల్, సోమవారం

అఫ్సానా దగ్గర సైగలు నేర్చుకుంటున్నాను. రోజుకు నాలుగు మాటలు, బస్సు ఖాళీగా ఉండే ఆఖరి ట్రిప్పులో. నీళ్లు, ఎండ, అమ్మ, కోపం, పెళ్లి, పత్తి. ఊళ్లకు ఆమే గుర్తులు పెట్టింది. కోటేకల్ అంటే పిడికిలి మీద పిడికిలి, కొండ. నలభై ఏడేళ్ల వయసులో కొత్త భాష. పోయిన నవంబరులో నా సొంత రూటు టైములు బోర్డు చూసి చెప్పిన మనిషిని నేను.

ఈ సాయంత్రం అఫ్సానా పరీక్ష పెట్టింది. మొదటి రోజు నుంచి నేర్పినవన్నీ ఒక్కొక్కటీ అడిగింది. నలభై నాలుగు మాటలు. నేను కమ్మీ పట్టుకుని నిలబడి, ఒక చేత్తో వచ్చేవి ఒక చేత్తో, రెండు చేతులవి కమ్మీ వదిలి, వరసగా చేసి చూపించాను. బస్సులో ఉన్న పదిమందీ మాటలు ఆపి చూస్తున్నారు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. నలభై నాలుగోది కాగానే వెనక సీటు ముసలాయన చప్పట్లు కొట్టాడు.

కృపానందం అన్న అద్దంలో చూస్తున్నాడు. ఆ పిల్లతో ఏం మాట్లాడుతున్నావమ్మా, నాకూ చెప్పు అన్నాడు.

"రోడ్డు సూడన్నా" అన్నాను. చేతులతో కూడా అదే అన్నాను. అఫ్సానా కిటికీకి తల ఆనించి, భుజాలు అదిరేలా నవ్వింది.